గళ్ల నుడికట్టు

ఆంధ్రప్రదేశమునకు నైరుతి మూలను, మడకశిర సీమలో, రొళ్ల అను ఊరు కలదు. పూర్వము అది అనంతపురము జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఇప్పుడు చేరియున్నది. కర్ణాటకపు పొలిమేర అచటికి మిక్కిలి చేరువ. అందుచేత అచటి పిల్లలకు తెలుగు, కన్నడము రెండును ఉగ్గుపాలతోడనే అలవడును. ఇంట ఒక భాష, సంతలో ఒక భాష. ఒక్కొక్కప్పుడు ఒకే వాక్యములో సగము ఇది, సగము అది. ఇట్టి ఊళ్లలో మాటలతోడి ఆటలకు కొదువ యుండదు.

వేరుసెనగకాయలు ఒలుచుచునో, చింతపండునుండి గింజలు తీయుచునో నలుగురు చేరినచోట పొడుపుకథ పుట్టును. ఒకరు పొడుతురు, వేరొకరు విప్పుదురు. దీనినే కన్నడమువారు ఒగటు అందురు. “సూర్యునకు వేయి, ఏనుగునకు ఒకటి, మనకు రెండు. ఏమది?” అని కొంత చదువుకొన్న పెద్దలు అడిగినచో, పిల్లలు మొదట కన్నులనియు, పిదప చెవులనియు చెప్పి తప్పుదురు. విడుపు కరము. సూర్యునకు కరములనగా కిరణములు, ఏనుగునకు కరమనగా తొండము, మనకు చేతులు. “కన్నడమున చెట్టు, తెలుగున యంత్రము” అనునది రెండు భాషలు తెలిసినవారికే పట్టుపడును. కన్నడమున మర యనగా వృక్షము. తెలుగున నూనె మర, బియ్యపు మర అందరును ఎరిగినవే.

ఈ పొడుపుకథకును, పత్రికలలో నల్లని, తెల్లని గళ్లతో అచ్చగు నుడికట్టునకును దగ్గరి చుట్టరికము కలదు. సామాన్యమైన నుడికట్టులో అర్థము చెప్పి, మాటను గళ్లలో నింపుమందురు. అది నిఘంటువును వెనుకనుండి చదువుట వంటిది. గూఢమైన నుడికట్టు అట్టిది కాదు. అందలి ప్రతి ఆధారమును ఒక చిన్న పొడుపుకథ. పైకి ఒక అర్థము తోచును; లోపల వేరొక అర్థముండును. లోపలి అర్థమును కనుగొనుట విప్పువాని పని. కనుగొనుటకు వీలగునట్లు దాచుట కూర్చువాని పని. చూచువారు మొదటిదియే కష్టమనుకొందురు గాని, నిజమునకు రెండవదియే కష్టమైనది. ఎవ్వరికిని దొరకకుండ దాచుట ఎవ్వరైనను చేయగలరు.

మన పూర్వులు ఇట్టి రచనను ప్రహేళిక యనిరి. అరువదినాలుగు కళలలో అదియు ఒకటిగా లెక్కింపబడినది. దండి యను ఆలంకారికుడు సుమారు 1300 సంవత్సరములకు పూర్వము తన కావ్యాదర్శమున పదునారు విధముల ప్రహేళికలను వివరించెను. అంతటితో ఊరకుండక, అవి యెందులకు పనికివచ్చునో కూడ చెప్పెను. వినోదమునకై కూడిన గోష్ఠులలో ఆడుకొనుటకు, పదిమంది నడుమ రహస్యము మాటాడుకొనుటకు, ఎదుటివారిని తికమక పెట్టుటకు ప్రహేళిక ఉపయోగించునని అతని మతము. ఈ మూడును గుర్తుంచుకొనదగినవి. ఎన్నో శతాబ్దముల పిదప, ఎచ్చటనో సముద్రముల కావల, ఈ మూడు ఉపయోగములును మరల కనబడినవి.

తెలుగువారికి ఈ విద్య ప్రహేళికతోనే ఆగలేదు. 16వ శతాబ్దమున పింగళి సూరన రాఘవపాండవీయము రచించెను. అందలి పద్యమును ఒక విధముగా అన్వయించిన రామాయణ కథ వచ్చును. మరియొక విధముగా అన్వయించిన భారత కథ వచ్చును. ఒక వాక్యములో రెండు అర్థములు పొదుగుటయే కష్టము. ఒక కావ్యమంతట పొదిగిన నేర్పు ఎట్టిదో ఊహింపవచ్చును. అవధాన సభలలో సమస్యాపూరణము కూడ ఈ జాతిదియే. పృచ్ఛకుడు పైకి అసంగతముగా కనబడు ఒక పాదమును ఇచ్చును. అవధాని దానికి ముందు అక్షరములు చేర్చియో, పదములను వేరొకచోట విరిచియో, ఆ అసంగతమును సుసంగతము చేయును. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఈ విద్యను ఊరూర ప్రదర్శించి జనులకు ప్రియమైనదిగా చేసిరి. ఈ సభలలో గమనింపదగినది ఒకటి కలదు. ఎట్లును పూరింప వీలుపడని పాదమును ఇచ్చిన పృచ్ఛకుని సభ మెచ్చదు. దారి యొకటి ఉన్నదని తానెరిగి, అది మూసియున్నట్లు కనబరచుటయే అతని నేర్పు.

గళ్ల రూపము మాత్రము మనది కాదు. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున పుట్టి అమెరికాకు వలసపోయిన ఆర్థర్ విన్ అను పత్రికా రచయిత 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్క్ వరల్డ్ పత్రికలో మొదటి గళ్ల నుడికట్టును అచ్చువేయించెను. అది చతురస్రము కాదు; వజ్రపు ఆకారమున ఉండెను. పది సంవత్సరములు గడచునప్పటికి అమెరికాలో అది వెర్రిగా ప్రబలెను. లండనులోని టైమ్స్ పత్రిక 1924లో ఈ వ్యసనమును ఎగతాళి చేసినది. ఆ టైమ్స్ పత్రికయే 1930 ఫిబ్రవరి 1వ తేదీనుండి తానును నుడికట్టు ప్రకటింప మొదలిడినది.

ఆధారములను గూఢముగా వ్రాయు పద్ధతి ఇంగ్లండున పెరిగినది. 1926 నుండి అబ్జర్వర్ పత్రికలో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ అను కవి టార్క్విమాడా అను మారుపేరుతో మిక్కిలి కఠినమైన నుడికట్టులు కూర్చెను. ఇతనికి మన దేశముతో ఒక సంబంధము కలదు. కాశ్మీర కవియగు బిల్హణుని చౌరపంచాశికను ఇతడు ఆంగ్లమున కావ్యముగా అనువదించెను. శ్లేషలు నిండిన సంస్కృత కవిత్వముతో చెలిమి చేసినవాడే గూఢ నుడికట్టునకు ఆద్యులలో ఒకడగుట ముచ్చటైన విషయము. టార్క్విమాడా యనునది స్పెయిను దేశమున మతద్రోహులను విచారించి హింసించిన ఒక అధికారి పేరు. విప్పువారిని తానును అట్లే బాధింతునని ఆ పేరులోని హాస్యము. అతని తరువాత వచ్చిన మాక్‌నట్ అను ఉపాధ్యాయుడు జిమెనెజ్ అను వేరొక విచారణాధికారి పేరు పెట్టుకొనెను. 1972లో ఆ స్థానమునకు వచ్చినవారు డేజా యను మూడవ అధికారి పేరులోని అక్షరములను వెనుకనుండి వ్రాసి ఏజెడ్ అయిరి. కూర్చువారికి తమ పేరును గూడ సూటిగా చెప్పుట చేతకాదు కాబోలు!

1949లో రిచీ యను మరియొక కూర్పరి ఈ ఆటకు మూలసూత్రమనదగిన మాటను చెప్పెను. దాని సారమిది: ఆధారపు వాక్యమునకు పైకి తోచు అర్థము కూర్పరి ఉద్దేశించినది కానక్కరలేదు, కాని ఉద్దేశించినది మాత్రము ఆ వాక్యములో అక్షరాలా ఉండి తీరవలెను. పెడదారి పట్టింపవచ్చును, అబద్ధమాడరాదు. గూఢ నుడికట్టు ధర్మమంతయు ఈ రెండు మాటలలో ఇమిడియున్నది.

ఆ ధర్మము తెలుగున ఎట్లు నడచునో చూడవలెను. మంచి ఆధారములో రెండు భాగములుండును. ఒకటి జవాబునకు అర్థము. అది వాక్యమునకు మొదటనో చివరనో ఉండును. రెండవది ఆ జవాబును అక్షరములతో కట్టు ఉపాయము. చివర కుండలీకరణములో అక్షరముల సంఖ్య యుండును. ఈ రెండు భాగములును కాక, మూడవదేదియు ఉండరాదు.

“తలక్రిందులైన తీగె (2)” అను ఆధారమును చూడుడు. చదువగనే వేళ్లు పైకి, కొన క్రిందికి వ్రేలాడు తీగె ఏదో మనస్సునకు వచ్చును. ఆ చిత్రమును మరచి, మాటలను విడదీయవలెను. తల అను రెండక్షరములను క్రిందుమీదు చేసిన లత యగును. లత యనగా తీగె. ఒక్క అక్షరమైనను వ్యర్థము కాలేదు. “మర త్రిప్పినచో లక్ష్మి (2)” అనునదియు అట్టిదే. మర ఆడించువాని ఇంట సిరి చేరునని పైకి తోచును. లోపల మరను త్రిప్పగా రమ వచ్చును. రమ యనగా లక్ష్మియే. “పలకను త్రిప్పగా కట్టడపు కొయ్య (3)” అన్నచో జవాబు కలప.

ఒక మాటలో మరియొక మాటను దాచుట రెండవ ఉపాయము. “సాగరమునందు దాగిన విషము (3)” అనగానే పాలసముద్రము, మందరగిరి, హాలాహలము జ్ఞప్తికి వచ్చును. ఆ కథ యేమియు అక్కరలేదు. సాగరము అను మాటలోనే గరము దాగియున్నది, గరమనగా విషము. ఇందు కథయు సరిపోయినది, అక్షరములును సరిపోయినవి. ఇట్టి ఆధారము దొరకిననాడు కూర్పరికి ఆనాడు అన్నము సహింపదని చెప్పుదురు.

రెండు మాటలను అతుకుట మూడవది. “ఆవు ముందు, ఊరు వెనుక, గుడి ముంగిట తల యెత్తి చూడుడు (4)” అనుదానికి గో, పురము చేర్చిన గోపురము విడుపు. తల తీయుట మరియొకటి. విజయము తల తీసినను జయమే మిగులును.

పై ఉపాయములు ఇతర భాషలలోను కలవు. తెలుగునకే తగిన వినోదము గుణింతములో ఉన్నది. మన అక్షరములకు తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము, ఏత్వము మున్నగు గుర్తులున్నవి కదా. గుడి యనిన దేవాలయము. అక్షరముపై ఇకారపు గుర్తును గుడియే. కొమ్ము ఎద్దు తలపై నుండును. ఉకారమునకు అక్షరము ప్రక్కనుండునదియు కొమ్మే. బడిలో మొదటి సంవత్సరము నేర్చిన ఈ పేర్లు కూర్పరికి తరుగని నిధులు. “గుడి లేని గది, భీముని చేతిలోనిది (2)” అన్నచో చదువువాడు దేవుని పటములు లేని గది యేదో యని వెదకును. గది అను మాటలోని దికి గుడి తీసిన ద మిగులును. గద భీముని చేతిలోనిదియే. “కొమ్ము విరిగిన త్రాసు, మెడపై నిలుచును (2)” అనుదానికి త్రాసు తుల. కొమ్ము పోయిన తల. రొళ్ల పిల్లలు తమ ఊరి పేరును గూడ ఇట్లు దాచవచ్చును: “రోళ్లకు దీర్ఘము తగ్గింపగా పొలిమేర గ్రామము (2)”. ఊరి పేరునకును రోళ్లకును నిజమైన సంబంధ మున్నదని దీని భావము కాదు. అక్షరములు మాత్రము అట్లు కుదిరినవి.

ఇచట ఒక చిక్కు వచ్చును. ఆంగ్లమున అక్షరములు 26, గడికి ఒకటి. తెలుగున గడికి ఒక గుణింతాక్షరము, ఒత్తుతో కూడినదైనను ఒకటే. క్ష్మి యనునంతయు ఒక గడిలో కూర్చుండును. గుణింతాక్షరములే 400కు మించును. ఒత్తులను చేర్చిన లెక్క వేలకు పోవును. అడ్డముగా వచ్చు మాటయు, నిలువుగా వచ్చు మాటయు ఒకే అక్షరమును పంచుకొనవలెనన్న తెలుగు కూర్పరికి ఎంత వెదకులాటయో దీనివలన తెలియును. అయితే ఆ కష్టము విప్పువానికి లాభమైనది. అడ్డము మాట కలప యని తేలినదనుకొందము. దాని నడిమి లనుండి నిలువుగా దిగు రెండక్షరముల మాట తీగె యను అర్థము కలది. తీగెకు లత, తీవ, వల్లి యని రెండక్షరముల పేర్లు పెక్కు కలవు. ల ముందే దొరకినది కావున తీవయు వల్లియు తొలగిపోయి, లత యొక్కటియే నిలుచును. గళ్లు ఒకదానికొకటి సాక్ష్యము చెప్పును.

మువర్ణము, సున్న కూడ తగవులు తెచ్చును. పుస్తకము అని వ్రాసిన నాలుగు గళ్లు, పుస్తకం అని వ్రాసిన మూడు గళ్లు కావలెను. ఏది పాటింతురో కూర్పరి మొదటినుండి ఒక్క పద్ధతినే పట్టవలెను. “అరవిందమున దాగిన సూర్యుడు” అని యొకడు వ్రాసి, రవి తన జవాబనును. వినుటకు సొంపుగా నున్నది. కాని ఆ మాటలో ఉన్నది రవిం గాని రవి కాదు. సున్నను ఎవరు మ్రింగిరి? ఇట్టిచోట గోష్ఠి రెండుగా చీలును. ఒకరు సొగసునకై సున్నను క్షమింతురు, ఒకరు క్షమింపరు. క్షమింపనివారి పక్షమే బలమైనదని చెప్పవలెను. ఒక సున్నను వదలినవాడు రేపు ఒత్తును వదలును. అట్లే “ఎవరి వలన తారుమారైనదో ఈ పెద్దకథ (3)” అను ఆధారములో వలన అను అక్షరములు తారుమారై నవల యగుట బాగుగనే యున్నది. కాని ఎవరి అను మాటకు పనియేమి? పైమెరుగునకు మాత్రము వచ్చి కూర్చున్నది. “వలన తారుమారైన పెద్దకథ (3)” అనుటయే న్యాయము.

ఈ న్యాయాన్యాయములు వట్టి మాటపట్టింపులని తోచవచ్చును. ఒకప్పుడు అవి పేదవారి డబ్బునకు సంబంధించిన విషయములైనవి. 1950 ప్రాంతమున మన దేశములో బహుమతి నుడికట్టులు విరివిగా ప్రబలెను. ప్రవేశ రుసుము చెల్లించి ఎన్ని ప్రతులైనను పంపవచ్చును. గెలిచినవారికి వేల రూపాయలు. వాటిలోని ఆధారముల పోకడ ఎట్టిదో ఒక ఉదాహరణముతో తెలియును. “మనుష్యునకు గౌరవము తెచ్చునది: – నము” అని యిచ్చి మొదటి అక్షరమును నింపుమన్నారనుకొందము. ధనము సరిపోవును. దానము సరిపోవును. జ్ఞానము, మానము కూడ సరిపోవును. నాలుగింటిలో ఏది సరియైనదో నిర్ణయించునది అర్థము కాదు, నిఘంటువు కాదు. ముందుగానే ముద్రవేసి దాచిన కాగితము. అన్ని ఆధారములును ఇట్టివే యైనచో, ఎంత చదివినవాడైనను ఊహింపవలసినదే. చదువుకొన్నవాడు తన విద్యను నమ్మి నాలుగు ప్రతులు పంపును. చదువులేనివాడు అదృష్టమును నమ్మి నాలుగు ప్రతులు పంపును. ఇద్దరి అవకాశమును ఒకటియే.

ఈ వ్యవహారమును అదుపులో పెట్టుటకు 1955లో బహుమతి పోటీల చట్టము వచ్చినది. నాటి ఆంధ్ర, హైదరాబాదు, మద్రాసు మున్నగు రాష్ట్రముల శాసనసభలు కోరగా పార్లమెంటు దీనిని చేసినది. అక్షరములను, మాటలను, అంకెలను కూర్చుటపై ఆధారపడు పోటీలలో నెలకు మొత్తము వేయి రూపాయలకు మించి బహుమతులు పెట్టరాదని అందు నియమింపబడెను. బెంగళూరినుండి వెలువడుచుండిన ఒక వారపత్రిక ద్వారా ఇట్టి పోటీలు నడపినవారు న్యాయస్థానమున వాదము తెచ్చిరి. 1957లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, అదృష్టముపై నిలుచు పోటీ జూదమే యనియు, గెలుపు చాలవరకు నేర్పుపై ఆధారపడు పోటీ జూదము కాదనియు, ఆ చట్టము మొదటి రకమునకే వర్తించుననియు నిర్ణయించినది. రెండు రకములను వేరుచేయు గీటురాయి ఏదో ఆలోచించినచో, అది పైన చెప్పిన ఆధార ధర్మమే యని తెలియును. లత యను జవాబు దొరకిన క్షణమున విప్పువానికి ఇక సందేహముండదు; ముద్రవేసిన కాగితమును తెరువ నక్కరలేదు. తల యను అక్షరములే సాక్ష్యము. ధనమని వ్రాసినవానికి మాత్రము ఫలితము వెలువడువరకు నిద్రపట్టదు.

దండి చెప్పిన తక్కిన రెండు ఉపయోగములు రెండవ ప్రపంచ యుద్ధమున కనబడినవి. 1942 జనవరిలో లండనులోని డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఒక పోటీ పెట్టినది. నుడికట్టును 12 నిమిషములలోపల పూరింపవలెను. అందు పాల్గొన్నవారిలో కొందరికి పిమ్మట ప్రభుత్వమునుండి జాబులు వచ్చినవి. బ్లెచ్‌లీ పార్కు అనుచోట శత్రువుల రహస్యలిపులను ఛేదించు పనికి అట్టి మనస్సు కలవారు కావలసివచ్చిరి. పదిమంది నడుమ పలికిన రహస్యమును పట్టుట యన ఇదియే.

రెండు సంవత్సరముల తరువాత అదే పత్రిక సైనికాధికారులనే తికమకలో పడవేసినది. 1944 మే నెలలో మిత్రరాజ్యముల సేనలు ఫ్రాన్సు తీరమున దిగుటకు రహస్యముగా సన్నాహములు చేయుచుండెను. ఆ దినములలోనే యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అను మాటలు ఒకటి తరువాత ఒకటిగా ఆ పత్రిక నుడికట్టులలో జవాబులుగా వచ్చినవి. అన్నియు ఆ దండయాత్రకు సంబంధించిన సంకేతపదములే. మల్బరీ యనునది హిందూపురము ప్రాంతపు పట్టురైతులు ఆకు కోయు చెట్టు పేరు. యుద్ధభాషలో కృత్రిమముగా నిర్మించు రేవులకు సంకేతము. నుడికట్టును కూర్చిన లియోనార్డ్ డా అను ప్రధానోపాధ్యాయుని గూఢచార శాఖవారు ప్రశ్నించి, దోషము కానక విడిచిరి. 1984లో ఆయన పూర్వ విద్యార్థి యొకడు ఒక సంగతి బయటపెట్టెను. గళ్లను మాటలతో నింపు పని ఉపాధ్యాయుడు పిల్లలచేత చేయించుచుండెడివాడట. సమీపమున విడిసిన సైనికుల నోట విన్న మాటలను పిల్లలు అందు చేర్చిరట.

తెలుగున ఈ ఆటను గోష్ఠిగా చేసినవారిలో ఇద్దరు మహాకవులు ముఖ్యులు. మహాప్రస్థానము వ్రాసిన శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చెను. సమగ్రాంధ్ర సాహిత్యము వ్రాసిన ఆరుద్ర గళ్ల నుడికట్టులు కూర్చెను. ఈ వ్యాసమునకు పేరైన మాటయు ఆ విధముగా వాడుకలోనికి వచ్చినదే. గంభీరమైన కవులు ఇట్టి చిల్లర ఆటలో కాలము పుచ్చిరేమని ఆక్షేపించువారు, శ్లేషయు ప్రాసయు వారి వృత్తి పనిముట్లని మరచిరి. వడ్రంగి తీరికవేళ బొమ్మ చెక్కినచో ఎవ్వరును ఆశ్చర్యపడరు. చెన్నపట్టణపు హిందూ పత్రికలో ఆంగ్ల గూఢ నుడికట్టులను నేడు భారతీయులే కూర్చుచున్నారు. తెలుగు పత్రికల ఆదివారపు పుటలలోను గళ్లు కనబడుచునే యున్నవి.

ఈ గోష్ఠిలోనివారు చాలమంది ఒకరి ముఖ మొకరు చూచి యెరుగరు. అయినను కూర్పరి స్వభావము విప్పువానికి తెలిసిపోవును. ఈయనకు పురాణములపై మక్కువ, ఆయన గుడులు కొమ్ములు విడువడు, వేరొకాయన వంటకముల పేర్లు తరచు వాడును అని గుర్తుపట్టుదురు. తప్పు దొరకినచో జాబు వ్రాయుదురు. నిజమైన తప్పైనచో కూర్పరి ఒప్పుకొనును. ఈ ఆటలో ఒక విపరీతమున్నది. రెండు పక్షములు తలపడినను, ఒక పక్షము ఓడుటకే ఆటను పన్నును. ఎవ్వరును విప్పలేకపోయిన నుడికట్టును చూచి కూర్పరి గర్వింపడు, సిగ్గుపడును. ఆదివారము సాయంకాలమువరకు పెనగి, చివరకు విప్పువాడు తొడ చరచుకొనుటయే ఆయన కోరునది.

కూర్చుటకు కావలసిన సామగ్రి స్వల్పము. గళ్ల కాగితము, పెన్సిలు, చెరుపుటకు రబ్బరు, నిఘంటువు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. గరము వంటి మాటలు నేటికిని అందే వెదకుకొనవలెను. మొదట అయిదు అడ్డములు, అయిదు నిలువులు గల చిన్న చదరము గీయుట మంచిది. నల్లగడులను ఒక మూల ఉంచినట్లే ఎదుటి మూలను గూడ ఉంచుదురు. చదరమును తలక్రిందు చేసినను ఆకారము మారదు. ముందు మాటలను నింపి, తరువాత ఆధారములు వ్రాయవలెను. వ్రాసినవి తోటివానికిచ్చి, ఏమియు చెప్పక, వాని ముఖమును చూచుచుండవలెను. వాడు దారి తప్పుట మేలు. దారియే లేదని కాగితము తిరిగి యిచ్చినచో ఆధారమును మరల వ్రాయవలెను.

పత్రికలలో విడుపులు మరుసటి వారము అచ్చగుట వాడుక. ఆ వాడుక ననుసరించి ఒక ఆధారమునకు ఇచట విడుపు చెప్పబడలేదు: “తల పోగొట్టుకొన్న దెబ్బ, మెడలో వ్రేలాడును (3)”.